మొహం లేని లారీ

నా వయసు నలభై నాలుగు. పేరు పైన రాసుకున్నారు గానీ ఆ పేరుతో పిలిస్తే నేనే పలకను. అందరికీ నేను వెల్డింగక్కనే. లారీ బాడీలకు వెల్డింగ్ చేయడం నా వృత్తి. షెడ్డు మాదే. నాతో పాటు మీరు స్టేషన్‌కు తీసుకొచ్చిన మెకానిక్ నా సొంత తమ్ముడు. చోరీ అయిందని మీరంటున్న లారీ మా ఆయనది. ఫిర్యాదు ఇచ్చింది కూడా ఆయనే. మీరు నవ్వకుండా అడిగితే నేనూ నవ్వకుండా చెబుతాను.

ఆ లారీని మా ఇంట్లో పెద్దమ్మాయి అంటాం. మా అమ్మాయికన్నా ముందు వచ్చింది. ఈ మధ్య దాని ఇంజిన్ డీజిల్ కన్నా ఆయిలే ఎక్కువ తాగుతోంది. ఎత్తు ఎక్కాలంటే ముందు దండం పెట్టాలి, తర్వాత దిగి తొయ్యాలి. తమ్ముడు ఒక పాత బస్సు ఇంజిన్ వెతికి తెచ్చాడు. మంచి ఇంజిన్, కాకపోతే పాతదానికన్నా జానెడు పొడుగు. పైనుంచి దించితే పట్టదు, ముందునుంచే తొయ్యాలి. అలా తొయ్యాలంటే మొహం తియ్యాలి. మొహం అంటే రెండు మడ్‌గార్డులు, మధ్యలో గ్రిల్, దాని వెనక రేడియేటర్‌ని పట్టుకునే రేకు. మామూలుగా ఇవన్నీ బోల్టులతో ఉంటాయి, స్పానర్ పెడితే ఊడొస్తాయి. మా బండి ఒకప్పుడు చెట్టుకు గుద్దుకుంటే, దారిలో ఎవరో వెల్డరు బోల్టుల జోలికి పోకుండా అంతా కలిపి ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, అతికేశాడు. ఆ వెల్డింగ్ నేను చేసింది కాదు. ఈ మాట తప్పకుండా రాయండి.

మా ఆయన ఒప్పుకోలేదు. “ఇంజిన్ మార్చు, గేర్‌బాక్స్ మార్చు, కావాలంటే నన్ను మార్చు. దాని మొహం మీద మాత్రం చెయ్యి వెయ్యకు” అన్నాడు. వాళ్ల బాబాయి లారీకి ఇలాగే మొహం కోసి మళ్లీ పెడితే మూతి వంకర పోయిందట. అదీ ఆయన భయం. “నేను కోస్తే వంకర పోతుందా?” అన్నాను. “మనింటికి నువ్వు చేసిన కిటికీ మూసుకుంటోందా?” అన్నాడు. ఆ కిటికీ తప్పు గోడది.

శనివారం పొద్దున సిమెంటు లోడు మొదలవుతుంది. ఏడాది పొడుగునా తిరిగే పని. ఆ పొద్దున బండి ఫ్యాక్టరీ గేటు దగ్గర లేకపోతే పని ఇంకొకరికి పోతుంది. మంగళవారం ఆయన వేరేవాళ్ల బండి తోలడానికి వెళ్తూ శుక్రవారం వస్తానన్నాడు. అడిగితే ఎలాగూ కాదంటాడు, చేసి చూపిస్తే సంతోషిస్తాడు అనుకున్నాను. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, నేను ఇనుము కోసే గ్రైండర్ అందుకున్నాను.

గ్యాస్‌తో కొయ్యలేదు. గ్యాస్ పెడితే రేకు వేడికి మెలితిరుగుతుంది, రంగు మాడుతుంది. ఊడాక మొహం విచ్చుకోకుండా ముందే రెండు మడ్‌గార్డులకీ అడ్డంగా ఇనప కమ్మీలు అతికించాను. ఎక్కడిది అక్కడికే రావాలని ఛాసిస్ మీదా రేకు మీదా గుర్తులు కొట్టాను. తర్వాత గ్రైండర్‌కు సన్నటి కోత బిళ్ల పెట్టి, పాత వెల్డింగ్ వరకే కోసుకుంటూ పోయాను. ఆ దారిలో దొరికిన వెల్డరు ఎవరో గానీ మహానుభావుడు, కట్టెడు వెల్డింగ్ కడ్డీలూ దాని మీదే తగలేశాడు. తమ్ముడు అలిసిపోయేదాకా అతన్ని తిట్టాడు, తర్వాత నేను అందుకున్నాను. బుధవారం సాయంత్రానికి మొహం మొత్తం ఒకే ముక్కగా చైన్ కప్పీకి వేలాడింది. గీత కూడా పడలేదు. నాకు గంతులెయ్యాలనిపించింది. వేశాను కూడా.

షెడ్డులో చోటు లేక మొహాన్ని పెరట్లో గోడకు ఆనించి టార్పాలిన్ కప్పాం. ముందు నంబరు ప్లేటు మొహంతోనే పోయింది. బండి వెనక భాగం గోడకు ఆనుకుని ఉంది, ఆ ప్లేటూ కనపడదు. నిప్పురవ్వలు పడకుండా క్యాబిన్ అంతా తడి గోనెలు కప్పాం. ఇందులో ఏదీ దాచాలని చేసింది కాదు.

ఈ రోజు, గురువారం పొద్దున ఎనిమిదింటికి మేమిద్దరం టీకి వెళ్లాం. అప్పుడే ఆయన ఒక రోజు ముందుగా దిగాడు. షెడ్డు ముందు తన బండి ఆగే చోటు ఖాళీ. లోపలికి తొంగిచూస్తే గోనెలు కప్పుకుని, ఎముకలు బయటపడ్డ బండి ఒకటి. “ఎవరి బండో పాపం, మా ఆవిడ చేతికి చిక్కింది” అన్నాడని పక్క టైర్ల షాపాయన మీరొచ్చాక చెప్పాడు. నాకు ఫోన్ చేశాడట, ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంది. ఇన్నేళ్లు ఆ బండి తోలిన మనిషి, దాని పక్కనే నిలబడి, అది పోయిందని మీ దగ్గరికి పరిగెత్తాడు.

తొమ్మిదిన్నరకు మీరొచ్చి టార్పాలిన్ లాగారు. పోయిన బండి నంబరు, కోసిన మొహం, చేతిలో గ్రైండర్‌తో నేను. మీ చోట నేనున్నా మమ్మల్నే పట్టుకునేదాన్ని. “అక్కా, బావకి చెప్పి చేద్దామంటే విన్నావా?” అన్నాడు తమ్ముడు. అంతకుముందు వాడు ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఇది కూడా రాయండి.

మొహాన్ని వ్యానులో వేసి స్టేషన్‌కు తెచ్చారు. ఫిర్యాదు ఇచ్చినవాళ్లు కేసు వద్దంటేనే అది బయటికి వెళ్తుందని, లేకపోతే కోర్టులో తేలేదాకా ఇక్కడే ఉంటుందని చెప్పారు. అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. సిమెంటు లోడు కళ్లముందే పోతున్నట్టు అనిపించింది.

సొత్తు గుర్తించమని మీరు ఆయన్ని పిలిచారు. ఆయన నా వైపు చూడలేదు. మొహం చుట్టూ తిరిగాడు. కోసిన అంచు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, వంకర ఉందేమో చూశాడు. మా పెళ్లి రోజున కూడా ఆయన్ని చూసి నేను అంత భయపడలేదు.

“వంకర లేదే” అన్నాడు.

“లేదు” అన్నాను.

“ఎవరు కోశారు?”

“దొంగలు.”

మీరు టోపీ అడ్డం పెట్టుకున్నారు. ఆయనకి అడ్డం పెట్టుకోడానికి ఏమీ లేదు, పక్కున నవ్వేశాడు. “సార్, దొంగలు దొరికారు, కేసు వద్దు. వీళ్లని నాకే అప్పగించండి, శనివారం లోపల బిగించాలి” అన్నాడు. “ఈసారి బోల్టులే” అన్నాను. “నీ ఇష్టం. నేను పట్టుకుంటాను, నువ్వు బిగించు” అన్నాడు. ఏడుపొచ్చింది, పొగ వల్ల అన్నాను. స్టేషన్‌లో పొగ లేదు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం. ఎవరి బలవంతమూ లేదు. పక్క బల్ల దగ్గర మా ఆయన, బండిని చూడగానే గుర్తుపట్టాననీ, పెళ్లాన్ని బెదిరించడానికే ఇక్కడికి వచ్చాననీ రాయిస్తున్నాడు. అది మాత్రం పచ్చి అబద్ధం. ఆ కాగితం మీద నన్ను సాక్షి సంతకం అడగొద్దు. ఈ కాగితం మీద పెడుతున్నాను.

(సంతకం)
వెల్డింగక్క