నాన్న దిండు

"ఆ కొక్కెం ఊడిందంటే బ్యాగుతో పాటు ఇంటి కప్పు కూడా నీ నెత్తిన పడుతుందే."

అమ్మ గుమ్మంలోనే ఆగి అన్నది. వెనక గదిలో కూతురు చేతులకు పట్టీలు చుట్టుకుని పంచింగ్ బ్యాగు ముందు నిలబడింది.

"పడదమ్మా. మేస్త్రీ దానికి వేలాడి మరీ చూశాడు."

"ఆ మేస్త్రీ గాలొస్తే ఎగిరిపోయే మనిషి."

కూతురు ఒక్క గుద్దు గుద్దింది. బ్యాగు ఉయ్యాలలా వెళ్ళి కిటికీని తాకి వచ్చింది.

"నిన్న బండలా ఉందే. దీంట్లో కుక్కిన పాతబట్టలేవమ్మా?"

"తీసేసి దూది కూరాను. నీ మణికట్టు విరిగితే?"

"దూది ఎక్కడిది?"

"మీ నాన్న దిండుది."

"అందుకేనా, పాపం, ఆయన తువ్వాలు మడిచి తలకింద పెట్టుకున్నాడు. అమ్మా, బ్యాగు తేలికైతేనే చెయ్యి అదుపు తప్పి మడతపడేది. బరువుగా నిలబడితేనే దెబ్బ సూటిగా తగులుతుంది. ఆదివారం నా మొదటి పోటీ. దూదిని గుద్దుకుంటూ పోతే అవతలి పిల్ల నన్ను ఉతికి ఆరేస్తుంది."

"ఆ బెంగతోనేగా నాకు నిద్ర పట్టంది."

"ఇంట్లో కూర్చుంటే నాకు కాళ్ళూ చేతులూ విరిగినట్టే ఊహించుకుంటావు. వచ్చి కళ్ళారా చూడు. వస్తావా?"

అమ్మ గదిలోకి వచ్చింది. స్టూలెక్కి బ్యాగు జిప్పు తీసి దూదంతా లాగేసింది. పాతబట్టల మూట అందుకుని, ఒక్కొక్క బట్టనూ పిడికిలితో పొడిచి పొడిచి లోపలికి కుక్కింది.

"నాకంటే నీ గుద్దే గట్టిగా ఉందే," అంది కూతురు.

అమ్మ ఇంకో బట్ట అందుకుంది. మూటంతా అయ్యాక జిప్పు మూసి, స్టూలు దిగి, చెమట తుడుచుకుంది.

"వస్తాను. ముందు వరసలో చోటు పట్టించు. వెనక కూర్చుంటే నా అరుపులు నీకు వినపడవు."