ఇద్దరి సూటు

కోరుట్లలో బీడీలు చుడుతున్న తల్లికి, రాష్ట్ర పోటీల కోసం హైదరాబాద్ పోయిన బిడ్డ ఫోన్ చేసింది. తల్లి ఒళ్లోని చాటను పక్కన పెట్టింది.

"అమ్మా, పొద్దుగాల ఈతల గెలిచిన. సాయంత్రం ఫైనల్."

"నా బంగారు తల్లి. మరి గొంతు గట్ల పెట్టినవేంది?"

"అఖిల గూడ గెలిచింది."

"సిరిసిల్ల పిల్లనా? మంచిదే గద. గంత పిరం ఈత సూటుకు, పాపం వాళ్ల నాయిన మరమగ్గాల సాంచాలు నడిపి మనతోని సగం పైసలు కట్టిండు."

"గా సూటు ఒక్కటే గదనే. పొద్దుగాల ఆమె ముందు బ్యాచుల ఈది ఇప్పి ఇచ్చింది, నేను తడిదే ఏసుకున్న. ఫైనల్ల ఇద్దరం ఒక్కసారే దుంకాలె."

తల్లి చాటను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఒక్క బీడీ కూడా చుట్టకుండానే కింద పెట్టింది.

"మామూలుది ఏసుకుంటే?"

"రెండు సెకండ్లు ఎనకబడుత. ఆమెకైనా గంతే. ఫస్టు వచ్చినామెకే స్కాలర్‌షిప్. సూటు నడుమల పెట్టుకొని కూసున్నం. ఎవలు ఏసుకోవాల్నో చెప్పు."

"కొన్ననాడు అన్నీ మాట్లాడుకున్నం బిడ్డా. ముందు ఎవలు ఏసుకోవాలె, ఎవలు ఉతకాలె, చినిగితె ఎవలు కట్టియ్యాలె. ఇద్దరూ గెలుస్తరని ఒక్కలం గూడ అనుకోలే."