చూరు కాలువలో ఇటుక

లాగకు అమ్మాయ్, రాదు. ఆ పిడి కాస్తా చేతికొచ్చిందంటే మనకి ఆ ఆశ కూడా మిగలదు. గుమ్మం నాని ఉబ్బింది, గాలికి తలుపు దడేలున మూసుకుంది. ఇక ఇద్దరం ఈ సామాన్ల గదిలోనే.

మాట్లాడవా? సరేలే. కొత్త కోడలివి. మా వాటా వాళ్ళతో పలకొద్దని మీ అత్తగారు చెప్పే ఉంటుంది. వినొద్దని చెప్పలేదుగా? ఎవరో ఒకరు తలుపు తీసేలోగా చిన్న కథ చెబుతాను. నాలుగు మాటల్లో అయిపోతుంది.

ముందు నీ గిన్నె అటు జరుపు. కప్పు నుంచి కారే ఆ ధార మీది, ఈ ధార మాది. మా నీళ్ళు మీ గిన్నెలో పడితే మళ్ళీ గొడవ. నవ్వకు, నిజమే చెబుతున్నా. మీ అత్తగారు వానాకాలమంతా గొడుగు కింద వంట చేస్తుందా, ఇల్లు కారుతోందని మాత్రం ఒప్పుకోదు. గొడుగెందుకు వదినా అని ఎదురింటావిడ అడిగితే, ఎండగా ఉంది అందట.

ఎక్కడున్నాను? ఆ, కథ. మీ మామగారూ మా ఆయనా సొంత అన్నదమ్ములు. ఇల్లు పంచుకున్నారు, నడిమికి గోడ లేపారు. ఈ గది ఎవరికీ అక్కర్లేక ఉమ్మడిగా వదిలేశారు. అక్కడితో ఆగొచ్చుగా? నిచ్చెన వేసుకుని ఎక్కి, చూరు అంచున వాన నీళ్ళు పోయే రేకు కాలువ ఉంది చూశావూ, దాన్నీ పంచుకున్నారు. సరిగ్గా మధ్యలో ఇటుక నిలబెట్టి సిమెంటు పూశారు. మీ వాన మీది, మా వాన మాది.

తీరా చూస్తే నీళ్ళు కిందికి దిగే గొట్టం ఒక్కటే! అది మీ వాటాలో పడింది. మా వైపు కాలువ నీళ్ళు ఎటూ పోలేని తొట్టి అయి కూర్చుంది. పోనీ మీ వైపేమైనా బాగుందా? గొట్టం నిండా ఎండుటాకులు. తీయించమంటే మీ మామగారు, "ఆకులు తమ్ముడి చెట్టువి, వాడే తీయాలి" అన్నారు. మా ఆయన, "పడింది అన్నయ్య గొట్టంలో" అన్నారు. మా వైపు మట్టి పేరుకుని ఓ మొక్క కూడా మొలిచింది. మా ఆయన దాన్ని తోట అంటారు.

పెంకు పనేముందీ, నీళ్ళని జార్చడం. వాటికి దారి చూపించాల్సింది కాలువ. అది పూడిపోతే నీళ్ళు ఊరుకుంటాయా? వెనక్కి మళ్ళి పెంకుల కిందికి దూరాయి. వాసాలు నానబెట్టాయి, గోడలోకి దిగాయి, చివరికి ఇదిగో, ఈ గుమ్మం పట్టుకున్నాయి. ఒక్క మనిషి ఒక్క పూట ఆ చెత్త ఎత్తి పోసి ఉంటే మనం ఇక్కడ ఉండేవాళ్ళం కాదు.

ష్, వచ్చారు! మీ మామగారి గొంతే. విను. "తలుపు మడతబందులు నా గోడకున్నాయి. తలుపు నాది. పగలగొట్టడానికి వీల్లేదు." చూశావా! మా ఆయనేమో గొళ్ళెం మాది అంటున్నారు. మీ ఆయనా? వచ్చాడు. "అలాగే నాన్నా" అంటున్నాడు. సందులోంచి చూడు, గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తలుపు తడవకుండా.

నీ ముఖం అలా అయిపోయిందేం? అలవాటైపోతుందిలే. కొత్తలో నేనూ ఇలాగే, ఎవరో ఒకరు తలుపు తీస్తారని కూర్చున్నాను. ఏ గదిలో అని అడక్కు. అన్ని గదుల్లోనూ.

అమ్మో! దూలం పలికింది, విన్నావా? ఏమండీ! దూలం విరిగేలా ఉందండీ! తలుపు బద్దలు కొట్టండీ!

ఏమన్నారో తెలుసా? దూలం ఉమ్మడిదట. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలట.

ఏయ్, ఆ పెట్టె ఎందుకు ఎక్కుతున్నావు? పడతావే! ఆ, అవునవును, పెళ్ళికి ముందు నిచ్చెనెక్కి కొట్ల బోర్డులు రాసేదానివట కదూ. మీ అత్తగారు మూతి తిప్పుకుంటూ ఊరంతా చెప్పింది. ఓరి నాయనో, పెంకులు తీసేస్తోంది! తల బయటికి పెట్టింది! కప్పు మీదికి ఎక్కేసింది! కాలు జాగ్రత్త తల్లీ, నాచు పట్టి ఉంటుంది!

తన్నావా? ఇటుకనే? ఇన్నేళ్ళ ఇటుక ఒక్క తన్నుకి పోయిందా! గొట్టంలో చెయ్యి పెట్టు. లాగు, ఇంకా లాగు. అదీ! గడగడమంటూ దిగుతున్నాయి నీళ్ళు. ఇక్కడ ధార సన్నబడిందే అమ్మాయ్! మీదీ సన్నబడింది, మాదీ సన్నబడింది.

చాలు, ఇక దిగు. ఇటు తల్లీ, ఇటు. అటెక్కడికి? అమ్మాయ్!

బావగారూ, వినబడుతోందా? మీ కోడలు కప్పు మీదుగా వెళ్ళిందండీ. మీ వైపు దిగలేదు. మా వైపూ దిగలేదు. వీధిలోకి దిగింది. నేను పెట్టె ఎక్కి చూస్తున్నాను. మలుపు దగ్గర బస్సాపి ఎక్కేసింది.

ఏమందా? ఏమీ అనలేదండీ. మాట్లాడిందంతా నేనే.

మీరు తలుపెవరిదో తేల్చుకోండి. తొందరేం లేదు. లోపల నేనొక్కదాన్నేగా.