చీము పట్టని కాలు

మాఘమాసం, చెరుకు కోతల కాలం. నవీపేట్‌లోని చిన్న దవాఖానలో కట్లు కట్టే రేణుకమ్మ ముందు, కోత గ్యాంగు మేస్త్రి రాజనర్సు బల్ల మీద కాలు చాపి కూర్చున్నాడు.

“నొప్పి లేదంటున్న గద. కట్టు కట్టు, పోత. ఆడ కోత ఆగింది.”

“అసలే లేదా మేస్త్రీ?”

“లేదు. చీము గూడ లేదు. కొడవలి తాకి పన్నెండు దినాలాయె. నా ఒళ్లు గట్టిది.”

“బొటనవేలు నల్లగైంది, సూసినవా?”

“బూడిద రాసిన. గదే నలుపు.”

“ఇప్పుడే కడిగిన. పోలే.”

“డాక్టర్ లేడా?”

“నిజామాబాద్ పోయిండు. నేనే ఉన్న. చక్కెర బీమారి గోలీలు మింగుతున్నవా?”

“యాదికొస్తే మింగుత. నీకెందుకు గవన్ని? కట్టు కట్టు.”

“నా పెనిమిటి పోయినంక ఈడ ఊడ్వనీకి వచ్చిన. తొమ్మిదేండ్లాయె. సారే అన్నీ నేర్పిండు. ఓనాడు చీము చుక్క అద్దం మీద పెట్టి మైక్రోస్కోపుల సూపెట్టిండు. చీమంటే ఏందో ఎరుకేనా?”

“కుళ్లు.”

“సచ్చిన తెల్ల కణాలు. తోలు తెగంగనే పురుగులు లోపలికి పోతయ్, కంటికి కనవడయ్. ఆడ ముందుగాలనే కావలి కణాలుంటయ్. పురుగు మీద ఉండే పొర మన ఒంట్ల ఏడ గూడ ఉండదు. గది తాకంగనే బయటిదని పసిగడ్తయ్. నెత్తురుల తిరిగే తెల్ల కణాలను పిలుస్తయ్. అవి నెత్తురు నాళాలకెళ్లి దూరి వచ్చి పురుగులను మింగుతయ్. మింగి, అవి గూడ సస్తయ్. అందుకే గాయం ఎర్రగైతది, కాలుతది, వాస్తది. జరమొస్తది.”

“నాకు గవేం రాలే. మంచిదే గద?”

“రాలేదంటే, రావాల్సిన కణాలు వస్తలేవు. నెత్తురుల చక్కెర పెరిగితే వాటికి నడక మందమైతది. నరాలు మొద్దువారి నీకు నొప్పి తెలుస్తలేదు. పురుగులు కూసోని తింటున్నయ్. నీ మేస్త్రిరికం వాటికి ఎరుకలేదు.”

“బెదిరిస్తున్నవా?”

“నా పెనిమిటి ఎర్రన్నకు అన్నీ వచ్చినయ్. యాదున్నదా?”

“ఇప్పుడు గా ముచ్చటెందుకు?”

“గిదే కొడవలి గాయం. పిక్కదాక ఎర్రగైంది. చెయ్యి పెడితే కాలేది. వాని కణాలు మూడు దినాలు కొట్లాడినయ్. మూడు దినాలు నేను నీ కాళ్లు వట్టుకున్న. చెరుకు ట్రాక్టర్ బోధన్ దవాఖాన ముందటికెళ్లే పోతది, ఒక్కపారి ఎక్కించుమన్న. ఏమన్నవ్?”

“సీజను నడుస్తుండె. మనుషులు తక్కువుండిరి.”

“ఏమన్నవ్ మేస్త్రీ?”

“నాటకమన్న.”

“ఇంకా?”

“లేసి కొడవలి పట్టుమన్న. రేణుకమ్మా, పదేండ్ల కిందటి ముచ్చట.”

“తొమ్మిది. గా కణాలకు యాది ఉండదు. నిరుడు ఏ పురుగొచ్చిందో వాటికి తెల్వది. ముందటున్నదాన్ని పట్టుకుంటయ్, సస్తయ్. నాకు యాదుంటది.”

“గందుకేనా? వచ్చి అరగంటాయె. కట్టు కట్టవు, సూది వెయ్యవు. కాలు బల్ల మీద పెట్టుకోని నీ పాఠం వింటున్న. నన్ను సావనియ్యనీకే కూసోవెట్టినవ్.”

“చప్పుడు వినవడ్తున్నదా?”

“ట్రాక్టర్.”

“నువ్వు గడప తొక్కంగనే ఈడ ఊడ్చే సత్తవ్వను రోడ్డు మీద నిలవెట్టిన. చెరుకు ట్రాక్టర్ ఏదొచ్చినా ఆపుమన్న. సారుకు ఫోన్ చేసిన. బోధన్ పెద్ద దవాఖానకు చిట్టి గిదో. వేలు పోతది. పాదం గూడ పోవచ్చు. ఇయ్యాల పోతే పానం దక్కుతది.”

“నన్ను పంపుతున్నవా?”

“లెవ్వు. డ్రైవర్ పక్కన కూసో.”

“నువ్వు నన్నెందుకు పంపుతున్నవ్?”

“చిట్టి పడగొట్టుకోకు.”

“ఎందుకు? చెప్పు రేణుకమ్మా.”

“వేలు కోసినంక దినం తప్పి దినం కట్టు మార్చాలె. దానికి నా తానికే రావాలె నువ్వు. వచ్చినప్పుడల్ల కాలు గీ బల్ల మీద పెడ్తవ్. గా మూడు దినాల ముచ్చట మొదటికెళ్లి నేను చెప్త. సస్తే ఎట్ల వింటవ్?”