లోకనాథ్ గారు చేసిన పిలుపు గంట

శ్రీ లోకనాథ్ గారు 1989 నవంబరు 20వ తేదీన బారువలో భౌతికశాస్త్ర ఉపాధ్యాయులుగా విధుల్లో చేరారు. అక్కడ తొమ్మిదేళ్లు, టెక్కలిలో పద్నాలుగేళ్లు పనిచేసి, 2012లో అక్కుపల్లి దగ్గరి మా పాఠశాలకు బదిలీపై వచ్చారు. తిత్లీ తుఫానుకు ల్యాబు పైకప్పు లేచిపోయినప్పుడు, తడిసిన పరికరాలను ఒక్కొక్కటే విప్పి, తుడిచి, ఎండబెట్టి, వారం తిరగకుండా ప్రయోగాలు మొదలుపెట్టించిన శ్రద్ధ వారిది. ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. పద్నాలుగేళ్లు పక్క గదిలో తెలుగు పాఠం చెప్పిన నేను ఒక్క సంఘటన మాత్రం వివరంగా రాస్తాను.

నా భార్య జయశ్రీకి పలాసలో డయాలసిస్ జరుగుతున్న రోజుల్లో గొంతు సన్నగిల్లింది. స్విచ్ నొక్కే బలం కూడా వేళ్లకు లేకపోయింది. లోకనాథ్ గారు ఒక మైక్రోకంట్రోలర్ బోర్డుకు చిన్న టచ్ సెన్సర్‌ను కలిపి ఆమె మంచం పక్కన అమర్చారు. నొక్కనక్కరలేదు, వేలు తగిలితే చాలు, వంటింట్లో గంట మోగుతుంది.

అది అమర్చిన మూడో వారంలో ఒక ఉదయం, కరెంటు పోయిన వేళ, ఆమెకు వికారం మొదలైంది. సెన్సర్‌పై చెయ్యి వేసింది, గంట మోగలేదు. కరెంటు పోతే ఫ్యాను స్విచ్ కట్టెయ్యకుండా వదిలేసే అలవాటు మనందరిదీ; వచ్చినప్పుడు దానంతట అదే తిరుగుతుంది. ఆమె కూడా అలాగే అనుకుని చెయ్యి తియ్యలేదు. కరెంటు వచ్చింది. గంట మోగలేదు. గంటన్నర తరువాత మా అక్క రత్నాలమ్మ గదిలోకి వెళ్లేసరికి, జయశ్రీ వాంతితో తడిసిన దుప్పటిలో, వేళ్లు సెన్సర్ మీదే ఉంచి పడుకుని ఉంది.

కబురు తెలియగానే లోకనాథ్ గారు నాతోపాటు ఇంటికి వచ్చారు.

“ఏటి మాస్టారూ, మీ గంటకి నా మీద అలకేటి?” అంది జయశ్రీ.

“తప్పు నాదేనమ్మా. కరెంటొచ్చినపుడు సుట్టూ ఏటుంటే అదే మామూలనుకుంటాది. మీ సెయ్యి అప్పటికే దాని మీదుంది. అందికే లెక్కెయ్యలేదు.”

“అయితే మా ఆయన్లాటిదే. పక్కనే ఉన్నదాన్ని సూడదు.”

అందరం నవ్వాం.

ఆ సాయంత్రమే ఆయన దానికి బ్యాటరీ తగిలించారు. అదీ అయిపోయి మళ్లీ కరెంటు వస్తే, గంట తనంతట తాను ఒకసారి మోగి ఎవరినైనా గదిలోకి రప్పించేలా ప్రోగ్రామ్ మార్చారు. మర్నాడు పదో తరగతి పిల్లల ముందు నల్లబల్లపై “చెయ్యి ఉండగా కరెంటు వస్తే ఏమవుతుందో నేను పరీక్షించలేదు” అని రాసి, ల్యాబు రికార్డులో తమ పేరుతోనే ఎక్కించమన్నారు. అంత అనుభవం గల ఉపాధ్యాయులు తమ పొరపాటును పిల్లల చేత రాయించడం నేను మరెక్కడా చూడలేదు.

గత ఫిబ్రవరిలో జయశ్రీ కన్నుమూసింది. ఆ ఉదయం తరువాత ఆమె బతికిన పదకొండు నెలల్లో, పిలిచినా ఎవరూ రాని రోజు ఒక్కటీ లేదు. ఇంతకు మించి రాయడం నాకు చేతకాదు.

శ్రీ లోకనాథ్ గారు, వారి సతీమణి శ్రీమతి భవాని గారు ఆరోగ్యంతో చిరకాలం జీవించాలని, వారు ఎప్పుడు పిలిచినా పలికే మనిషి ఆ ఇంట ఉండాలని మా పాఠశాలలోని అందరి తరఫున కోరుకుంటున్నాను.