తోమిన పెనం

సౌదీలోని జుబైల్‌లో ఒక కఫీల్ ఆఫీసు, అంటే వీసాలిచ్చి పనివాళ్ళను తెచ్చుకున్న అరబ్బు వ్యాపారిది. ఆయన పనివాళ్ళ పాస్‌పోర్టులూ, ఇఖామాలనే నివాస కార్డులూ చూసే మందూబ్ అబ్దుల్ ఘనీ బల్ల ముందు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఆసుపత్రి మేట్రన్ జ్ఞానమణి నిలబడి ఉంది.

"అట్ల నిలబడి అరిస్తే పని జరగదు మేడం. ముందు కూర్చోండి. ఒక కప్పు గావా తెప్పిస్తా."

"నీ గావా కోసం రాలేదు ఘనీ. మా యిర్మీయాను దేశం నుంచి పంపెయ్యడానికి కొట్టిన ఖురూజ్ రద్దు చేయించడానికి వచ్చాను. చేయిస్తావా, చేయించవా? ఆ ఒక్క మాట చెప్పు."

"నా చేతుల్లో ఏముండాది? కఫీల్ చెప్పినాడు, నేను కొట్టినా. సిస్టంలో ఎక్కిపాయె. రేపు దమ్మామ్‌లో ఫ్లైటు."

"ఎక్కించిన చేతికి దించడం రాదా?"

"కఫీల్ నోటితో దించమనాల గదా."

"అయితే ఆ నోటితోనే అనిపించు. నా చెల్లెలి కొడుకు ఆ ఇంట్లో ఇన్నేళ్ళు పొయ్యి ముందు నిలబడ్డాడు. ఉప్పు తగ్గిందన్న మాట ఏనాడూ పడలేదు. అలాంటివాణ్ణి ఏ నేరానికి దేశం దాటిస్తున్నారు?"

"విందు చెడిపాయె గదా మేడం. మీకు తెలీందేముంది."

"తెలుసు. డ్రైవర్ జబీ చెప్పాడు, మాడు దగ్గర గొడవ జరిగిందని. యిర్మీయా అన్నం మాడ్చాడట! పచ్చి అబద్ధం. ఆ సాయంత్రం నేను అక్కడే—"

"ష్. మెల్లగా. అవతల గదిలో మనుషులుండారు."

"ఉండనీ. నేను దొంగతనానికి వెళ్ళానా? ఖతీఫ్ తోటలో ఆయన విందులిచ్చే ఇస్తిరాహాకు, వంటగది తలుపు గుండానే, మా వాడు పిలిస్తేనే వెళ్ళాను. 'పెద్దమ్మా, ఇంత పెద్ద విందు ఎప్పుడూ చెయ్యలేదు, పక్కన ఉండు' అన్నాడు. ఉన్నాను. ఉల్లిపాయలు తరిగి పెట్టాను. పెదవి కదలకుండా ప్రార్థన చేసుకున్నాను. అదీ నేరమేనా?"

"నేరమని ఎవరన్నారు? మీరు ఆడ ఉన్నట్టు యాడా అనొద్దంటాండా. అంతే."

"ఎందుకు అనకూడదు?"

"ఎందుకంటే... ఇడ్సిపెట్టండి మేడం. ఇంకో ఆరు నెలలకు రిటైరై పొయ్యేవాళ్ళు. మీకెందుకీ తలనొప్పి?"

"ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి. పక్కకు తిరిగి ఫైళ్ళు సర్దడం జవాబు కాదు."

"సర్దడంలా. వెతుకుతాండా."

"ఏం వెతుకుతున్నావు?"

"ఏమీ లేదు."

"ఘనీ! మీ మెహరున్నిసాకు పురుడు పోసిన చేతులివి. బిడ్డ అడ్డం తిరిగితే తెల్లవార్లూ నిలబడ్డాను. ఆ రాత్రి నువ్వు వరండాలో నా చేతులు పట్టుకుని ఏమన్నావు? 'ఎప్పుడేం కావాలన్నా అడగండి' అన్నావు. ఇన్నాళ్ళూ ఏమీ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను."

"అదే మేడం నా ఖర్మ. ఇంకెవరన్నా అయ్యుంటే ఎప్పుడో చెప్పి పంపించేసేవాణ్ణి."

"ఏం చెప్పి?"

"ఏమీ లేదంటి గదా."

"చూడు, నేను చెప్పేది శ్రద్ధగా విను. మీ కఫీల్ మావాణ్ణి వేసవిలో స్పెయిన్ తీసుకుపోయాడు. విహారానికా? కాదు. ఆయన తిన్నదల్లా వీడు నేర్చుకోవాలి. ఊరూరా హోటళ్ళ వంటిళ్ళలో నిలబెట్టాడు. వచ్చాక ఆ తిండి కోసం విమానాలెక్కి తిరిగే స్నేహితులందరినీ పిలిచి, 'స్పెయిన్ వెళ్ళి తిన్నవన్నీ నా తోటలో తినండి' అని గొప్పలు పోయాడు. అవునా?"

"అవును మేడం."

"వాడు ఒంటిచేత్తో అన్నీ చేశాడు. టమాటా చారు చల్లార్చి గ్లాసుల్లో పోశాడు. చల్లటి చారేమిటిరా, జ్వరమొచ్చినవాడికి కూడా పొయ్యమే అన్నాను. గస్పాచో పెద్దమ్మా, అలాగే తాగుతారన్నాడు. కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది, టమాటా రుద్ది, నూనె పోశాడు. కాటలోనియాలో అది లేకుండా ముద్ద దిగదట. బంగాళాదుంపల అట్టు రొట్టెంత మందాన వేశాడు. వంకాయలూ బుంగ మిరపకాయలూ నిప్పుల మీద కాల్చి ఒలిచాడు. సగం పచ్చడి చేసి ఆపేశావు, చింతపండు ఏదిరా అన్నాను. నవ్వాడు. సేమ్యాలో రొయ్యలూ చేపముక్కలూ వేశాడు. దానికీ ఏదో పేరు చెప్పాడు."

"ఫిదెవా."

"అదే. వాటిలో ఏదైనా చెడిందా?"

"ఏదీ చెడలేదు. గిన్నెలు నాకినారు."

"మరి అన్నం? పయేయా అన్నాడు దాన్ని. కుంకుమపువ్వు వేసి, రొయ్యలు పేర్చి, గరిటె పెట్టకుండా వండాడు. గరిటె పెట్టకపోతే అడుగంటదా అని నాకు భయమే. వాడు పెరట్లోకి వెళ్ళి తీపి కోసం పాలమీగడ మీద చక్కెర కాలుస్తుంటే, పెనం దగ్గర నేనే నిలబడ్డాను. ప్రతి గరిటె అన్నమూ నా కళ్ళ ముందే బల్ల మీదికి వెళ్ళింది. ఒక్క నల్ల మెతుకు వెళ్ళలేదు. దానికి నేను పూచీ. మీ కఫీల్ ముందు నిలబడి చెబుతాను."

"వద్దు మేడం."

"చెబుతాను."

"వద్దంటాండా గదా! అదే చెప్పొద్దంటాండా!"

"నా మీద గొంతు లేపకు."

"...తప్పయింది. గావా తాగండి."

"ఏదో దాస్తున్నావు. నిర్దోషికి సాక్షి దొరికితే సంతోషించాల్సినవాడివి, సాక్షి నోరు నొక్కుతున్నావు. ఎవరిని కాపాడుతున్నావు ఘనీ? ఎవరో తప్పు చేశారు, అది మావాడి నెత్తిన రుద్దారు. అవునా, కాదా?"

"తప్పు ఇంకొకరిదే. అంతవరకు నిజం."

"చూశావా! ఎవరిది?"

"యిర్మీయా నాతో ఒట్టు వేయించుకున్నాడు. పేరు చెప్పను."

"వాడికి బుద్ధి లేదు. చిన్నప్పటి నుంచీ అంతే. మా చెల్లెలు పోయాక నా దగ్గరే పెరిగాడు. పక్కింటి కుర్రాడు కుండ పగలగొడితే వీడు దెబ్బలు తినేవాడు. దయ వేరు, న్యాయం వేరు. నా వార్డులో ఒకసారి మందు తారుమారైంది. చార్జి నర్సు చేసిన పొరపాటు. తుడిచే మనిషి మీదికి తోశారు. ఆవిడ బంగ్లాదేశీ, మాట రాదు, ఏడుస్తూ ఒప్పేసుకుంది. నేను ఒప్పుకోలేదు. ఆ నర్సు మన తెలుగుపిల్లే, నా సంఘంలో పాటలు పాడే పిల్లే. డైరెక్టరు ముందు నిలబెట్టి, దాని నోటితోనే చెప్పించాను. ఏడాది పాటు నాతో ఎవ్వరూ మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయారు."

"విన్నా మేడం. జుబైల్‌లో అందరికీ తెలుసు ఆ కథ."

"అయితే నా పద్ధతి నీకు తెలుసు. ఆ తప్పు చేసినవాళ్ళు ఎవరైనా సరే, ఇవాళే, నీ కారులో ఎక్కించుకుని, కఫీల్ మనుషులను కలిసే దివాన్‌లో నిలబెట్టాలి. తమ నోటితో తామే చెప్పాలి. ఎంత వయసు వాళ్ళయినా, ఎంత మర్యాదస్తులైనా. ఒట్టు వెయ్యి."

"నన్ను ఇరికించొద్దు మేడం."

"ఒట్టు వెయ్యకపోతే ఇక్కడి నుంచి కదలను. రాత్రి డ్యూటీకి కూడా వెళ్ళను."

"అల్లా... సరే. అల్లా కసమ్. తప్పు చేసినవాళ్ళు వస్తామంటే నేనే తీసకపోతా. సరేనా?"

"సరే. ఇప్పుడు చెప్పు. అన్నం మాడ్చింది ఎవరు?"

"ఎవరూ మాడ్చలేదు మేడం."

"మరి?"

"అన్నంలో మాడు లేదనే ఆయన కోపం."

"...ఏమిటి?"

"మాడు లేదని. పయేయాకి అడుగున పల్చగా మాడు పట్టాల. ఎర్రగా, కరకరా అనాల. సొకర్రాత్ అంటారంట ఆడ. అదే అసలు తిండంట. పైన రొయ్యలూ గియ్యలూ ఊరికే. పెనం పెనమే తెచ్చి బల్ల మధ్యలో పెడితే, చుట్టూ కూర్చున్నోళ్ళు స్పూన్లతో అడుగు గీక్కుని తింటారంట. దానికోసం కొట్లాడుకుంటారంట."

"మాడు కోసమా? అతిథులా?"

"మన ఇండ్లల్లో ఎవరూ తినక, వండినోళ్ళు తింటారు గదా. ఆడ అతిథికి పెట్టకుంటే అవమానం. కఫీల్ ఆ పెనం స్పెయిన్ నుంచి లగేజీలో మోసుకొచ్చినాడు. దోస్తులందరికీ నెల రోజులు చెప్పినాడు, 'నా వంటవాడు సొకర్రాత్ తీస్తాడు, చూడండి' అని. తీరా చూస్తే ఏమొచ్చింది బల్ల మీదికి? పింగాణీ ప్లేట్లు! బిర్యానీ పోసినట్టు కుప్పలు పోసి, పైన కొత్తిమీర!"

"కొత్తిమీర అందం కోసం..."

"ఏమంటిరి?"

"ఏమీ లేదు. చెప్పు."

"దోస్తులు నవ్వినారు. ఒకాయన 'మండీ బాగుండాది' అన్నాడంట, ఈడ రోజూ తినే అన్నం మాదిరి. అంతే. కఫీల్ ముఖం నల్లగా అయిపాయె. 'ఇది నా పెనంలో వండింది కాదు. నీకు చేతకాక ఏదో హోటల్లో కొనుక్కొచ్చి నా ప్లేట్లలో పోసినావు. నా బల్ల మీద నాకే అబద్ధం వడ్డించినావు' అని యిర్మీయా మీద పడినాడు. మాడితే క్షమించేవాడు మేడం. మోసం అనుకున్నాడు, దానికే ఖురూజ్."

"పెనంలోనే వండాడు. అది నిజం. పెనం చూపించలేదా?"

"చూపించమనే అన్నాడు కఫీల్. అందరూ వంటగదిలోకి పొయినారు."

"చూశారా?"

"చూసినారు. తోమి బోర్లించి ఉండె. అద్దం మాదిరి ఉండె. మొఖం కనపడతాండె దాంట్లో."

"ఉక్కుపీచుతో ఒత్తి రుద్దితే ఆ మాత్రం తళుకు వస్తుంది."

"మేడం..."

"ఎవరు తోమారని అడిగారా?"

"అడిగినారు. 'నేనే' అన్నాడు యిర్మీయా. 'ఎందుకు తోమినావ్' అంటే తల వంచుకున్నాడు. అట్లే నిలబడినాడు. ఇంకేం చెప్తే ఏముంది, దొంగ మాదిరి కనపడినాడు."

"నీకు నిజం ఎప్పుడు తెలిసింది?"

"ఆ మర్నాడే. సంతకానికి వచ్చినప్పుడు ఏడ్చినాడు. 'మా పెద్దమ్మ పేరు ఆ దివాన్‌లో పలకొద్దన్నా. మొగవాళ్ళ ఇస్తిరాహాలో బయటి ఆడమనిషి ఎట్లొచ్చింది అని ఆమె ఉద్యోగం మీదికి తెస్తారు. ఇంకొకటి, ఆమెకు తెలిస్తే తట్టుకోలేదు. నన్ను పెంచిన చెయ్యి' అన్నాడు."

"అందుకని మీరిద్దరూ కూడబలుక్కుని నన్ను కాపాడారు. నేను ఊరంతా నీతులు చెప్పుకుంటూ తిరుగుతుంటే వినోదం చూశారు."

"వినోదం యాడుండాది మేడం, నాకు నిద్ర లేదు."

"నా నిద్ర సంగతి ఎవరు అడిగారు? రేపు వాడు విమానం ఎక్కేవాడు. నేను దమ్మామ్ దాకా వెళ్ళి, కన్నీళ్ళు పెట్టుకుని, అన్యాయం అన్యాయం అని అరిచి, ఇంటికొచ్చి హాయిగా పడుకునేదాన్ని. ఎంత ఘోరం తలపెట్టారు నాకు! ఇంతకంటే చెంప మీద కొట్టాల్సింది."

"మీరు మర్యాదకే చేసినారు. తెలీక చేసినారు."

"ఆ చార్జి నర్సు కూడా తెలియకే చేసింది. వదిలానా? ఆ రోజు వడ్డనకు వచ్చిన బంగ్లాదేశీ కుర్రాళ్ళు పెనం చెవులు పట్టుకుని లేపబోయారు ఘనీ. నేనే ఆపాను. 'రుకో' అని, అన్నం ప్లేట్లలో పెట్టి పంపి, పెనం నేనే తోమాను. మా మిషన్ బోర్డింగు స్కూల్లో మదర్ గారి అతిథి బల్ల మీదికి మాడు వెళితే, వడ్డించిన పిల్ల మోకాళ్ళ మీద నిలబడాలి. ఎనిమిదో తరగతిలో నేను నిలబడ్డాను, ప్రార్థన గంట కొట్టేదాకా. మాడు మాకు, తెల్లన్నం వాళ్ళకు. అదే మర్యాద అనుకున్నాను ఈ వయసుదాకా. నా బిడ్డ బతుకు మీదికి ఆ మర్యాదే తెచ్చాను."

"సరే అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడు మీరు పోయి చెప్పినా ఆయన నమ్మాల గదా? చెల్లెలి కొడుకు కోసం అబద్ధం ఆడుతుందంటాడు. రుజువేది? పెనం తోమేసినారు. ఆ మాడు చెత్తబుట్టలో పారేసినారు—"

"పారెయ్యలేదు."

"ఏందీ?"

"అన్నం పారెయ్యడం పాపం."

"మరి యాడ పెట్టినారు?"

"లే. కారు తాళాలు తీసుకో. ఒట్టు వేశావు."

"మేడం, ఆయన కోపం మీకు తెలీదు. వంద ప్రశ్నలు అడుగుతాడు. ఆడ నిలబడి ఏం చెప్తారు?"

"ఎర్రగా, ఒక అప్పడం మందాన, రొయ్యల రసమంతా అడుక్కు దిగి, పళ్ళ కింద కరకరమంటూ ఉందని చెబుతాను. సింకు దగ్గర నిలబడి, అట్లకాడతో గీక్కుని, ఒక్క పలుకు మిగలకుండా తిన్నానని చెబుతాను. పద ఘనీ. ఆయన విందులో మాడు దక్కిన అతిథి ఒక్కతే, ఆవిడ వచ్చిందని చెప్పు."