లైవ్ వాన

2008లో, సదుం దగ్గర చెనిక్కాయ పైరు నిలువునా మాడిపోయిన ఏడు. హైస్కూలు కంప్యూటర్ రూములో తలుపు దగ్గరికేసి హెడ్మాస్టరు రెడ్డెప్ప, లెక్కల టీచరు చంద్రిక. బయట కరువు సూడనొచ్చిన ఆఫీసర్ల జీపు.

“…అది కాదమ్మా నేనడిగేది. ఆ పొద్దు వాన పడిందా, లేదా?”

“యా పొద్దు సార్?”

“యా పొద్దేంది? మన ఊర్లో కుండపోతగా కురిసినట్టు ఇంటర్నెట్లో పడుండాదే, ఆ పొద్దు. ఆ ఒక్క వానకే గదా మన మండలం కరువు లిస్టులోంచి ఎగిరిపోయింది. సినుకే రాల్లేదని ఊరంతా మొత్తుకుంటాండాది.”

“మిషను గదా సార్, ఒక్కోసారి…”

“వానను కొలిచి అప్పటికప్పుడు లైవ్‌గా ఇంటర్నెట్లోకి ఎక్కించే ఆ మిషను మన స్కూలు ఆవరణలోనే ఉండాది. దాంట్లోకి నీళ్ళు యాడ్నించి వచ్చినాయి చంద్రికమ్మా?”





“లైవ్ అంటే ఏందో పిల్లోళ్ళకి ఎక్కలేదు సార్. లైవ్ అంటే క్రికెట్టు గదా మిస్, వానకి లైవేంది అని నవ్వినారు. నెలంతా సున్నా, సున్నా. సున్నాలతో గ్రాఫ్ ఏం గీయించేది? అందుకని…”

“అందుకని?”

“ఒక చెంబు నీళ్ళు పోసినా సార్, వాళ్ళ ముందరే. పోసి, ఈడికి పిల్సుకొచ్చి కంప్యూటర్లో సూపించినా. గీత సర్రున లేసింది. సప్పట్లు కొట్టినారు.”

“ఎంత పని చేస్తివి తల్లీ.”

“అది నిజం వాన కింద గవర్నమెంటు లెక్కలోకి పోతాదని తోచలేదు సార్. చెప్తే ఉద్యోగం పోతాది. చెప్పకపోతే ఊరి నోట్లో మన్ను కొట్టినదాన్ని. అన్నం సయించడంలే.”

“ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకోని…”

“ఇంగ పెట్టుకోలేను సార్. జీపు కదలకముందే పోయి చెప్పేస్తా. పక్కకు జరగండి.”

“ఇప్పుడొద్దమ్మా.”

“యాల సార్? నా ఉద్యోగం గురించైతే…”

“నీ ఉద్యోగం కాదు. కూర్చో ముందు.”

“యాల?”

“పెద్దోళ్ళు అబద్ధమాడొచ్చు, పిల్లోళ్ళు ఆడరని ఆఫీసర్లు ఇందాకే నీ క్లాసుకు పోయినారు. పిల్లోళ్ళ నాయన్లంతా కిటికీల కాడ నిలబడుకోనుండారు.”

“నేను పోసినానని చెప్పేసినారా?”

“చెప్పుంటే బాగుండు. నీ మిందికి మాట రానీకుండా అందరూ లేసి నిలబడి, ‘వాన పడింది సార్, మేమంతా తడిసినాం’ అనినారమ్మా.”